ఆ కార్డు మా ఇంటికి కూడా పంపండి: కంపెనీల హెచ్‌ఆర్ వారికి ఒక బహిరంగ లేఖ

హైదరాబాదులోనూ మిగతా ఊళ్లలోనూ ప్రైవేటు కంపెనీల్లో హెచ్‌ఆర్ పని, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూస్తున్న అందరికీ నమస్కారం.

నేను మీ ఉద్యోగిని కాదు. మీ దగ్గర పనిచేసే ఒకరి భార్యను. మీ ఫారాల్లో ‘డిపెండెంట్’ అనే గడిలో ఉండే పేరు నాది. మీరు ఏటా కొనే గ్రూప్ ఆరోగ్య బీమాలో నాకూ మా అబ్బాయికీ చోటు ఉంది. అందుకు మీకు నిజంగా కృతజ్ఞతలు. ఆ బీమా లేకపోతే పోయిన ఏడాది మా ఇల్లు నిలబడేది కాదు. కానీ అది ఏ బీమానో, ఎవరి దగ్గర ఉందో, ఎంతకు ఉందో అవసరమైన రాత్రి నాకు తెలియలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

అది వానాకాలం. రాత్రి పదకొండు దాటింది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే మా ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయారు. మూతి ఒక పక్కకు లాగేసింది. మాట ముద్దముద్దగా వస్తోంది. పక్కింటివాళ్లు కారు తీశారు. ఆస్పత్రిలో డాక్టరు చూడగానే పక్షవాతం అన్నారు. రక్తం గడ్డ కట్టడం వల్ల వచ్చినదైతే నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ ఇవ్వాలని చెప్పి వెంటనే స్కానింగ్‌కు తీసుకెళ్లారు. నన్ను కౌంటర్ దగ్గరికి వెళ్లమన్నారు.

“ఇన్సూరెన్స్ ఉందా అమ్మా?”

“ఉంది బాబూ. వాళ్ల కంపెనీ ఇచ్చింది.”

“ఏ ఇన్సూరెన్స్ కంపెనీ? టీపీఏ ఎవరు? కార్డు ఉందా?”

పన్నెండేళ్లుగా ఆయన నాతో అన్నది ఒక్కటే మాట: “మనకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, టెన్షన్ లేదు.” ఆ మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. టీపీఏ అంటే ఏమిటో ఆ రాత్రి వరకు నాకు తెలియదు. బీమా కంపెనీ తరఫున ఆస్పత్రితో మాట్లాడి, కాగితాలు చూసి, అనుమతులు నడిపే మధ్య సంస్థ అని తర్వాత తెలిసింది. కార్డు మీద బీమా కంపెనీ పేరు ఒకటి, టీపీఏ పేరు ఇంకొకటి ఉంటాయని, కౌంటర్‌లో రెండూ చెప్పాలని కూడా తర్వాతే తెలిసింది.

హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నవన్నీ తీసి కౌంటర్ మీద పెట్టాను. మొదటిది ఆయుష్మాన్ అని రాసి ఉన్న 14 అంకెల నంబరు కార్డు. అది ఆభా నంబరు, ఆరోగ్య రికార్డులు దాచుకోవడానికి ఇచ్చింది, బీమా కాదు అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. రెండోది బ్యాంకు పాస్‌బుక్. అందులో ఏటా 20 రూపాయలు ఇన్సూరెన్స్ కింద కట్ అయినట్టు ఉంది. అది ప్రమాద బీమా, జబ్బులకు పనికిరాదు అన్నాడు. మూడోది మడతలు పడిన ఒక ప్రింట్. మా ఆయన ఎప్పుడో తీసి ఇచ్చిన అసలు కార్డు. నా ప్రాణం లేచొచ్చింది. అతను నంబరు కొట్టి చూసి, “ఈ పాలసీ మార్చి 31తో అయిపోయిందమ్మా. మీ కంపెనీ ఇన్సూరెన్స్ మార్చినట్టుంది” అన్నాడు.

మీరు మార్చారు. రెన్యువల్ సమయంలో వేరే కంపెనీ తక్కువకు ఇస్తానంటే మారడం మామూలేనట. అందులో తప్పేమీ లేదు. మార్చినట్టు ఆయన ఆఫీసు మెయిల్‌కు సమాచారం కూడా పంపారు. ఆ మెయిల్ ఆయన ఫోన్‌లో ఉంది. నర్సమ్మ సాయంతో ఆయన బొటనవేలు పెట్టి ఫోన్ తెరిచాను. ఆఫీసు మెయిల్‌కు మళ్లీ వేరే పిన్ ఉంది. మూడుసార్లు తప్పు కొట్టేసరికి అది లాక్ అయిపోయింది. ఆ పిన్ తెలిసిన మనిషి నాకు పది అడుగుల దూరంలో ఉన్నారు. కళ్లు తెరిచే ఉన్నారు. నేను అడుగుతుంటే పెదవులు కదుపుతున్నారు. ఒక్క అంకె కూడా బయటికి రాలేదు.

ఉద్యోగికి బీమా ఇచ్చినప్పుడు మీరు ఎవరికి చెబుతున్నారో చూడండి. ఉద్యోగికే చెబుతున్నారు. పెద్ద జబ్బు వచ్చిన రోజు చాలాసార్లు మాట్లాడలేని మనిషి ఆ ఉద్యోగే. కౌంటర్ దగ్గర నిలబడేది భార్యో, భర్తో, ఊరి నుంచి వచ్చిన తండ్రో, కాలేజీ చదివే కూతురో. వాళ్లలో ఎవరికీ మీరు ఒక్క కాగితం కూడా పంపలేదు.

తెల్లవారి ఆరుకు ఆయన సహోద్యోగికి ఫోన్ చేశాను. “వదినా, నా కార్డులో కంపెనీ పేరు, టీపీఏ పేరు ఉన్నాయి, పంపిస్తాను. కానీ అన్న మెంబర్ నంబరు హెచ్‌ఆర్ వాళ్లే చెప్పాలి. వాళ్లు పదికి వస్తారు” అన్నాడు. పదింటికి మీరు వచ్చారు. పది నిమిషాల్లో కార్డు పంపారు. చాలా మర్యాదగా మాట్లాడారు కూడా. అప్పటికి అడ్వాన్స్ కోసం మా తమ్ముడు, పక్కింటివాళ్లు, నా గాజులు అన్నీ కలిసి లక్షన్నర కట్టేశాం. డాక్టర్లు మాత్రం డబ్బు కోసం ఆగలేదు, ఇంజెక్షన్ సమయానికే పడింది. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట చాలావరకు వచ్చింది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఒక నిబంధన పెట్టింది. నగదు లేకుండా వైద్యం చేయమని ఆస్పత్రి నుంచి అభ్యర్థన వస్తే బీమా కంపెనీ గంటలోపు తేల్చాలి. డిశ్చార్జి రోజున మూడు గంటల్లోపు చివరి అనుమతి ఇవ్వాలి. చాలా మంచి నిబంధన. కానీ ఆ గంట లెక్క మొదలయ్యేది ఆస్పత్రి అభ్యర్థన పంపాకే. మెంబర్ నంబరు లేకుండా ఆస్పత్రి ఏ అభ్యర్థన పంపగలదు? మా విషయంలో ఆ గంట మొదలవడానికే రాత్రంతా పట్టింది.

కార్డు దొరికాక కష్టం తీరిందనుకున్నాను. బీమా ఉందని తెలియడం ఒకటి, అది ఎలాంటి ప్లానో తెలియడం ఇంకొకటి.

ఐసీయూ నుంచి మార్చేటప్పుడు ఖాళీగా ఉన్నది రోజుకు 8,000 రూపాయల గది ఒక్కటే. మా ప్లాన్‌లో గది అద్దె పరిమితి 5,000. అది నాకు ఇన్సూరెన్స్ డెస్క్‌లో చెప్పారు. తేడా రోజుకు 3,000 మనమే కట్టుకుందాంలే అనుకుని సంతకం పెట్టాను. కోత గది అద్దెతో ఆగదని డిశ్చార్జి రోజు అర్థమైంది. డాక్టరు ఫీజు, నర్సింగ్ లాంటి వాటిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. 5,000 అర్హత ఉండి 8,000 గదిలో ఉంటే, వంద రూపాయల డాక్టరు ఫీజులో వాళ్లు లెక్కలోకి తీసుకునేది 62 రూపాయల 50 పైసలే. మందులకు, పరీక్షలకు ఈ కోత ఉండదు. ఇది ముందే తెలిసి ఉంటే ఇంకో పూట ఆగి, షేరింగ్ గది ఖాళీ అయ్యేదాకా చూసేదాన్ని. ఈ ఒక్క వాక్యం మా ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే నా రెండు గాజులు మిగిలేవి.

ఇంటికొచ్చాక, ఆయన కాస్త కోలుకున్నాక, ఇద్దరం కూర్చుని మీ పోర్టల్ తెరిచాం. అసలు మా ఇంట్లో ఎవరికి ఏ ప్లాన్ ఉందో మొదటిసారి చూసింది ఆ రోజే.

నా పేరు చివర ఆయన ఇంటిపేరు ఉంది. ఆధార్‌లో నా పుట్టింటి ఇంటిపేరు, అదీ ముందు ఒక్క అక్షరంగా ఉంది. నా పుట్టినరోజు దగ్గర మా ఆయన నా అసలు తేదీ వేశారు. ఆధార్‌లో ఉన్నది బడిలో చేర్పించినప్పుడు మాస్టారు రాసుకున్న తేదీ. మా అబ్బాయికి ఇంట్లో పిలిచే పేరు ఎక్కించారు. మన ఇళ్లలో ఇవన్నీ మామూలే. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, పెళ్లయ్యాక మార్చుకున్నవాళ్లు, మార్చుకోనివాళ్లు అందరూ ఉంటారు. బీమా వాళ్లకు మాత్రం కార్డు మీద ఉన్న పేరూ ఆధార్ మీద ఉన్న పేరూ ఒకటి కాకపోతే ఇద్దరు మనుషులు. ఆ రాత్రి పడిపోయింది నేనే అయితే, కార్డు చేతిలో ఉన్నా నా క్లెయిమ్ పేరు దగ్గరే ఆగిపోయేది. చేరిన వారంలో ఉద్యోగి హడావిడిగా టైప్ చేసిన పేర్లను మళ్లీ ఎవరూ చూడరు. ఏడాదికి ఒక్కసారి “మీ ఇంట్లోవాళ్ల ఆధార్ పక్కన పెట్టుకుని ఈ పేర్లు, తేదీలు సరిచూడండి” అని మీరు అడగాలి. అడిగి, సరిచూసినట్టు జవాబు వచ్చేదాకా వెంటపడాలి. జీతం బ్యాంకు ఖాతా నంబరు విషయంలో మీరు అలాగే వెంటపడతారు కదా.

ఇంకో సంగతి. మా అత్తయ్యకు 72 ఏళ్లు. ఆమె కూడా ఈ బీమాలోనే ఉన్నారని ఇంటిల్లిపాదీ నమ్మాం. లేరు. రెండేళ్ల కిందటి నుంచి తల్లిదండ్రుల ప్రీమియం ఉద్యోగే కట్టుకోవాలని, కావాలంటే పది రోజుల్లో చెప్పాలని మెయిల్ వచ్చిందట. మా ఆయన అకౌంట్స్‌లో పనిచేస్తారు. అది మార్చి నెల. ఆ పది రోజులు ఎలా గడిచాయో ఆయనకే గుర్తులేదు. జవాబు రాకపోతే ‘వద్దు’ అని లెక్క వేసుకున్నారు. మౌనాన్ని అలా లెక్కేయకండి. ముసలివాళ్ల పేరు తీసేసే ముందు ఒక్క ఫోన్ చేయండి. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇస్తున్నారు. నా బ్యాగులోని ఆభా కార్డు వేరు, ఇది వేరు. ఆధార్ ఉంటే చాలు. ప్రైవేటు బీమా ఉన్నా అర్హత ఉంటుంది. అత్తయ్యకు ఆ కార్డు ఇప్పుడు తీయించాం. ఉద్యోగుల ఇళ్లలో 70 దాటిన వాళ్లున్నారని మీ రికార్డుల్లోనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క వాళ్లకు చెబితే మీకు రూపాయి ఖర్చు కాదు.

కాంట్రాక్టు మనుషులను పెట్టుకునే వాళ్లకు ఇక్కడ వేరుగా చెప్పాలి. మా చెల్లెలి కొడుకు ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు. జీతం 18,000. ప్రతి నెలా 135 రూపాయలు కట్ అవుతున్నాయని వాడికి తెలుసు. ఎందుకో తెలియదు. అది ఈఎస్ఐ, అంటే తక్కువ జీతాల ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే వాడి పేరు మీద యజమాని కూడా నెలనెలా 585 రూపాయలు కట్టాలి. వాడికి పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఉంటుంది, ఒక డిస్పెన్సరీ కేటాయించి ఉంటుంది, అవసరమైతే అక్కడి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ లాంటి పెద్దాస్పత్రికి పంపిస్తారు. వాడితో పాటు వాడి భార్యాపిల్లలకు కూడా వైద్యం ఉంటుంది. ఇవేవీ తెలియక వాడు కొడుకు జ్వరానికి ప్రైవేటులో 22,000 అప్పు చేసి కట్టాడు. జీతం చీటీ మీద ‘ఈఎస్ఐ’ అనే మూడక్షరాల పక్కన ఆ నంబరు, డిస్పెన్సరీ పేరు అచ్చు వేయించడం ఎంత పని? కాంట్రాక్టర్ చూసుకుంటాడులే అని వదిలేయకండి. వాడు రోజూ వచ్చేది మీ గేటు లోపలికే.

ఉద్యోగం మానేసిన రోజు గురించి కూడా ఒక మాట. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ అప్పగించిన రోజుతోనే చాలా కంపెనీల్లో బీమా కూడా ఆగిపోతుంది. కొత్త ఉద్యోగం నెల తర్వాత అయితే ఆ నెల రోజులు ఇంటిల్లిపాదికీ ఏమీ ఉండదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే దారి ఉంది. ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించేదాకా వేచి ఉండాల్సిన కాలంలో, గ్రూప్‌లో గడిపిన ఏళ్లను లెక్కలోకి తీసుకుంటారు. కానీ ఇది వెళ్లాక కాదు, వెళ్లేముందే అడగాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే కొత్త పాలసీలో మళ్లీ మొదటి నుంచి మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. రిలీవింగ్ లెటర్‌లో “మీ ఆరోగ్య బీమా ఫలానా తేదీతో ఆగిపోతుంది, మారాలంటే ఫలానా వారికి రాయండి” అని రెండు వరుసలు చేర్చండి.

మీ వైపు ఇబ్బందులు నాకు తెలుసు. వేలమంది ఉద్యోగులు ఉంటారు. మీరు పంపిన మెయిళ్లు సగం మంది తెరవరు. మా ఆయన కూడా తెరవలేదు. అందుకే అడుగుతున్నాను, మెయిల్‌తో సరిపెట్టకండి. అరవై పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ ఎవరూ చదవరు, చదివినా కౌంటర్ దగ్గర గుర్తురాదు. మాకు కావలసింది ఒక్క పేజీ. తెలుగులో ఉండాలి. బీమా కంపెనీ పేరు, టీపీఏ పేరు, పాలసీ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఒక్కొక్కరి మెంబర్ నంబరు, మొత్తం ఎన్ని లక్షలు, ఆ లక్షలు ఇంటిల్లిపాదికీ కలిపా లేక ఒక్కొక్కరికా, గది అద్దె ఎంతవరకు, బిల్లులో మనం ఎంత శాతం కట్టుకోవాలి, అర్ధరాత్రి ఎత్తే ఫోన్ నంబరు ఏది. ఇంతే. ఫ్రిజ్ మీద అంటించుకుంటాం. దేవుడి గదిలో పెట్టుకుంటాం.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కూడా కాదు. పాలసీలోని ముఖ్యమైన విషయాలన్నీ సులువైన మాటల్లో ఉండే సమాచార పత్రం ఇవ్వాలని, పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ చెప్పింది. కొత్త నమూనా 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. గ్రూప్ పాలసీలో మాస్టర్ పాలసీ, అంటే అందరికీ కలిపి తీసుకున్న అసలు పాలసీ, ఉండేది మీ కంపెనీ పేరు మీద. కాబట్టి బీమా కంపెనీని తెలుగులో ఇవ్వమని అడగాల్సింది మీరే. ప్రీమియం బేరమాడే రోజే ఇది కూడా షరతుగా పెట్టండి. లక్షలు పోసి కొనేవాళ్లు అడిగితే వాళ్లు కాదనరు.

చదువుతున్న ఉద్యోగుల ఇంటివాళ్లకు కూడా చెబుతున్నాను. హెచ్‌ఆర్ వాళ్లు పంపేదాకా ఆగకండి. ఈ ఆదివారం మీవాళ్లను కూర్చోబెట్టి పోర్టల్ తెరిపించండి. కార్డు డౌన్‌లోడ్ చేయించి మీ ఫోన్‌కు పంపించుకోండి. దాని మీది తేదీలు చూడండి. కార్డు మీద ఉన్న నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, మీ పేరు నిజంగా అందులో ఉందో లేదో అడగండి. నేను చేశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

హెచ్‌ఆర్ అయ్యలకూ అమ్మలకూ చివరి విన్నపం. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ రెన్యువల్ వస్తుంది. కంపెనీ మారవచ్చు, టీపీఏ మారవచ్చు, కార్డు మారవచ్చు. మీ ఫారంలో ఉద్యోగి ఫోన్ నంబరు కింద ఇంకో గడి పెట్టండి. అందులో ఇంట్లోవాళ్ల నంబరు రాయించుకోండి. కొత్త కార్డు వచ్చిన రోజే ఆ నంబరుకు కూడా పంపండి. మా ఆయన ఫైల్‌లో నా నంబరు ఇప్పటికే రాసిచ్చి వచ్చాను.

ఇట్లు,
ఒక ఉద్యోగి భార్య,
హైదరాబాద్